మా మేడమీది ఐగేట్

హామ్ రేడియోలో ఏపీఆర్‌ఎస్ అని ఒక పద్ధతుంది. కారులోనో చేతిలోనో ఉన్న సెట్టు తన కాల్‌సైన్‌నీ అక్షాంశ రేఖాంశాలనీ చిన్న ప్యాకెట్‌గా గాల్లోకి వదులుతుంది. వేగం సెకనుకు 1200 బిట్లే. దాన్ని పట్టుకుని ఇంటర్నెట్‌కి ఎక్కించే స్టేషన్ని ఐగేట్ అంటారు. మా మేడమీద నడిచేది అదే. ఒక యాంటెన్నా, ఎస్‌డీఆర్ డాంగిల్, రాస్ప్‌బెర్రీ పై, డైర్‌వుల్ఫ్ సాఫ్ట్‌వేర్, అంతే సరంజామా. కరెంటు పోయినా ఆగకూడదని బ్యాటరీ కూడా పెట్టాను.

మన దగ్గర ఐగేట్లు బాగా పలచన. ఒకటి ఆగిందంటే ఆ దారిన పోయే హామ్ నెట్‌లోని మ్యాపులోంచి మాయమైపోతాడు. 2014లో హుద్‌హుద్ తుఫానుకి విశాఖలో ఫోన్లు మూగబోతే హామ్‌లు కూడా కబుర్లు మోశారు. అలాంటి రోజున తీరంలోని ప్యాకెట్ నెట్ ఎక్కాలంటే, గాలివాన తగలని చోట, అది అందేంత దూరంలో, ఒక ఐగేట్ బతికుండాలి కదా!

ఏపీఆర్‌ఎస్‌ని తయారుచేసిన బాబ్ బ్రునింగా 2022లో పోయారు. బండ్ల జాడ చూపడం ఇందులో ఒక ముక్క మాత్రమేననీ, చుట్టుపక్కల ఏం జరుగుతోందో అందరికీ అప్పటికప్పుడు తెలియాలనీ ఆయన పట్టు. నాకూ అదే ఇష్టం.

హామ్ లైసెన్సు ఉండి సెట్టు అటకెక్కించినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి. యాంటెన్నా కట్టడానికి నేనొస్తాను.