అత్తగారి పాటలు, క్రొత్త బోర్డు

మా గుడిమల్కాపూరు పూలమార్కెట్టు వేకువనే మేలుకొనును. మావారు దుకాణమునకు పోవగానే యింటిలోని లెక్కల కంప్యూటరు నా యధీనమగును. గత శ్రావణమున కరెంటు హెచ్చుతగ్గులచే దాని మదర్‌బోర్డు, డిస్కు రెండును కాలిపోయెను. లెక్కలు పోయిన పోవుగాక! కీర్తిశేషురాలగు మా యత్తగారు పాడిన మంగళహారతులు అందే యున్నవి.

డిస్కు నంతటిని ఉన్నదున్నట్లు ఒకే ఫైలుగా నకలు తీసి వేరొక డిస్కులో దాచియుంటిని గనుక ధైర్యముగనే యుంటిని. (ఇట్టి పని చేయు సాధనమొకటి న్యూజీలాండులో పుట్టగా, 1998లో సిమాంటెక్ వారు కొనిరి. దాని పేరు ఘోస్టు, అనగా దయ్యము!)

క్రొత్త బోర్డు, క్రొత్త డిస్కు వచ్చినవి. రక్షణ పెన్‌డ్రైవుతో యంత్రమును లేపగా డిస్కే లేదనెను. మరమ్మతు చేయువాడు, “నకలు చెడిపోయిందమ్మా, వదిలేయండి” అనెను. ఆ మాటకు నా గుండె జారినది. కాని బయోసు తెరపై ఆ డిస్కు పేరు కనబడుచునే యున్నదే! నకలును నిందింపనేల? పాత యంత్రముపై తయారైన పెన్‌డ్రైవునకు క్రొత్త బోర్డులోని వీఎండీ యను ఏర్పాటు తెలియదు. పొరుగింటి ల్యాప్‌టాపులో తగిన డ్రైవరు దించి, పెన్‌డ్రైవును మరల చేసితిని. డిస్కు కనబడెను, నకలు దిగెను. అంతలో విండోసు నీలితెర చూపి నిలిచెను. దానికిని ఆ డ్రైవరే కొఱత. సాఫ్ట్‌వేరులోని వేఱు హార్డ్‌వేరునకు సరిపఱచు భాగముద్వారా దాని నెక్కించితిని. లైసెన్సు మరల నడిగిన గొడవ వేఱు కథ.

మావారు చామంతుల సంచితో గడప దాటుచుండగా అత్తగారి గొంతు వినవచ్చెను. సంచి దింపక అట్లే నిలిచిపోయిరి.