టోపీతోనా, లేకుండానా?

రంజాన్ వస్తే చాలు, పత్రికలకు మా ముఖాలు గుర్తొస్తాయి. వెనకాల చార్మినార్, నెత్తిన టోపీ, దువాకెత్తిన చేతులు ఉండాలి. తక్కిన పదకొండు నెలలూ అల్లర్ల వార్త పక్కన ఏడుస్తున్న బుర్ఖా. డెస్కులో కూచుని ఇవే అచ్చేసీ అచ్చేసీ విసిగినవాళ్లం మేం.

మనిషిని కెమెరా ముందు ఎవడు, ఎట్లా నిలబెడుతున్నాడన్నదే అసలు సంగతి. ఇది మాకు పాతబస్తీ స్టూడియోలో ఓ ఉస్తాద్ వెనక నిలబడి చూస్తే తెలిసింది. చీరల క్యాలెండరుకొచ్చిన మోడలయినా, పెళ్లిసంబంధం ఫొటోకొచ్చిన పిల్లయినా ఆయనకు ఒకటే అదబ్. 'నవ్వండి' అననే అనడు. అంటే పళ్లు కనిపిస్తాయి గానీ నవ్వు రాదంటాడు. భుజాలు కిటికీ వైపు, ముఖం కెమెరా వైపు. "ఠోడీ జరా నీచే, బేటా. సాంస్ ఛోడో." ఊపిరి వదలగానే భుజాలు దిగుతాయి. రెండు కళ్లలో వెలుగుచుక్క చూసుకుని అప్పుడు నొక్కుతాడు. ఎవర్నీ ముట్టుకోడు, తనే కూచుని చూపిస్తాడు.

1892లోనే రాజా దీన్‌దయాళ్ హైదరాబాదులో జనానా స్టూడియో తెరిచి, కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లీషు దొరసానికి అప్పగించాడు. పరదాలోని ఆడవాళ్లకూ ముఖాలున్నాయని, తమ ఫొటో తమకు కావాలని ఆయనకు తెలుసు.

దుబాయ్‌లోని కొడుక్కి ఫొటో పంపాలని ఓసారి సైకిల్‌షాపు చాచా వచ్చాడు. "టోపీతోనా, లేకుండానా? ఆప్ కీ మర్జీ" అన్నాడు ఉస్తాద్. చాచా టోపీ తీశాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీసి దువ్వెన అడిగాడు. ఉస్తాద్ తొందరపెట్టలేదు. మేం లైటు పట్టుకుని నిలబడ్డాం.