రహీం పంతులు

కామారెడ్డి, ఎల్లారెడ్డి మైదానములలో బంతి తన్ను బాలురు తప్పక తెలిసికొనవలసిన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆ ఊళ్లు చేరియున్న నాటి హైదరాబాదు రాజ్యమునకు రాజధానియైన నగరమున ఆయన 1909లో జన్మించెను. యౌవనమున ఉస్మానియా విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ జట్టులో ఆడి, పిదప బడిపంతులయ్యెను.

హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడయ్యెను. బంతిని తానొక్కడే నడపుకొనిపోవుటకంటె తోడివానికి వెంటనే అందించుట మేలని బోధించెను. బలము తక్కువైన కాలితోనే తన్నవలెనను నియమముతో పందెములు పెట్టించి, రెండు కాళ్లకును నేర్పు కలిగించెను. 1950 మొదలు 1954 వఱకు ఆ జట్టు వరుసగా ఐదుమార్లు రోవర్స్ కప్పు గెలిచెను.

ఆయన శిక్షణలో భారతజట్టు 1951లో ఆసియా క్రీడల స్వర్ణము పొందెను. మరుసటి యేడు హెల్సింకి ఒలింపిక్సులో, పలువురు వట్టి కాళ్లతో ఆడిన ఆ జట్టు యుగోస్లావియా చేతిలో 10–1 గోలులతో ఓడెను. రహీం క్రుంగిపోలేదు. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సున జట్టును నాలుగవ స్థానమునకు చేర్చెను.

1962లో జకార్తా ఆసియా క్రీడలనాటికి ఆయనను క్యాన్సరు పీడించుచుండెను. తలకు గాయమైన రక్షకుడు జర్నైల్ సింగును ఆయన ముందు వరుసలో నిలిపెను. ఫైనలులో ఆతడు ఒక గోలు చేసెను. భారతజట్టు దక్షిణ కొరియాను 2–1తో జయించెను. 1963 జూన్ 11న రహీం కన్నుమూసెను. ఆటస్థలమునను ఆయన పంతులే. ఓటమియు ఆయనకొక పాఠమే.