ఒక్క తూటా బాధ్యత

ఐడహో రాష్ట్రమున స్నేక్, క్లియర్‌వాటర్ నదులు కలియుచోట లూయిస్టన్ అను పట్టణము కలదు. వేట రైఫిళ్ళకు గుండ్లు చేయు స్పియర్ వారును, ప్రైమర్లు చేయు సి.సి.ఐ. వారును వెలసిన ఊరది. వేటను గూర్చి దశాబ్దములపాటు వ్రాసి అమెరికాలో పేరుగాంచిన జాక్ ఓకానర్ 1948 మొదలు కాపురమున్న ఊరును అదియే. మా మేనల్లుని ఉద్యోగము అచ్చట. "మామయ్యా, మా పొరుగున ఒక పెద్దాయన ఉన్నాడు. ఆయన పని చూడకుండా నువ్వు ఈ ఊరు దాటడానికి వీల్లేదు" అని అతడు పట్టుబట్టగా, కర్మాగారములను చూడవలెనను తలంపు మాని, ఆ వృద్ధుని ఇంటి వెనుక షెడ్డునందే పగలంతయు గడపితిని, గడపినందుకు ధన్యుడనైతిని.

ఆయన లేతు మిషనుపై జీవితమంతయు పనిచేసి విశ్రాంతి పొందినవాడు. తన వేటకు కావలసిన తూటాలను తానే నింపుకొనును. ఆయన రైఫిలు 7×57 మౌజర్ తూటాలది. జర్మనీలో పాల్ మౌజర్ 1892లో రూపొందింపగా, మరుసటి ఏట స్పెయిన్ సేన స్వీకరించిన తూటా యిది. 1898లో క్యూబాలోని శాన్ హువాన్ కొండమీద అమెరికా సైనికులును, పిదప దక్షిణాఫ్రికాలో ఆంగ్లేయులును దీని దెబ్బను చవిచూచిరి. అయినను ఆ రెండు దేశముల వేటగాండ్రును శత్రువు తూటాయని ద్వేషింపక దానిని అక్కున చేర్చుకొనిరి. ఏలయన, భుజమునకు తగులు తన్ను స్వల్పము, గుండు లోనికి చొచ్చు శక్తి అధికము. ఇంగ్లండున దీనికే .275 రిగ్బీ యని పేరు. చంపావత్ నరభక్షక ఆడపులిని 1907లో కూల్చినందుకు వేటగాడు జిమ్ కార్బెట్‌కు బహుమానముగా లభించిన రైఫిలు ఈ జాతిదే; నరభక్షకయైన రుద్రప్రయాగ చిరుతను ఆయన 1926లో తుదముట్టించినదియు .275 తూటాతోడనే. ఓకానర్ .270 తూటాకు ప్రచారకుడై వెలయగా, ఆయన భార్య ఎలినార్ మాత్రము 7×57ను నమ్ముకొని ఆఫ్రికా వరకు వేటాడినది.

బల్లమీద ఒకసారి పేలిన ఇత్తడి డొప్పలు వరుసదీరి యుండెను. పేలినపుడు ఉబ్బిన డొప్పను ప్రెస్సు మీట నొక్కి ఉక్కు అచ్చులోనికి దూర్చి పూర్వాకృతికి తెచ్చుట, వాడిన ప్రైమరును వెలికి నెట్టుట, సాగిన మెడను కొలతకు కత్తిరించుట, ఇవన్నియు అభ్యాసమున ఎవరికైనను అలవడును. నన్ను కట్టిపడవేసినది వేరొక పని. ఆయన కొన వంచిన సన్నని తీగ నొకదానిని డొప్పలోనికి జొనిపి, అడుగునుండి గోడవెంబడి మెల్లగా పైకి లాగుచు కన్నులు మూసికొనెను. ప్రతి పేలుడునకును ఇత్తడి అడుగుభాగమునకు కొంచెము పైన సాగి పలుచబడును. వెలుపల జాడ తెలియకున్నను లోపల సన్నని గాడి యేర్పడవచ్చును. దానిని గుర్తింపక మరల నింపినచో డొప్ప తెగి, మండు వాయువు కాల్చువాని ముఖమునకే ఎదురు రావచ్చును. ఒక డొప్పయొద్ద ఆయన చేయి ఆగినది. తీగను నాకిచ్చి లాగుమనెను. తొలుత నాకేమియు తెలియలేదు. ఇంకను నెమ్మదిగా లాగగా, తీగకొన ఒక్కచోట లవలేశము తట్టుకొన్నట్లు వ్రేలికి తెలిసినది. ఆయన తల పంకించి, ఆ డొప్పను ఇంకెవ్వరును పొరపాటున వాడకుండునట్లు పటకారుతో నలిపి చెత్తలో వేసెను.

మందు తూచునపుడు ఆ షెడ్డులో మాట వినబడదు. బల్లమీద ఒక్క మందుడబ్బా తప్ప రెండవది ఉండరాదు. మందు కొలతల పుస్తకములో అచ్చుపడిన పరిమితిని దాటరాదు. ఇవి ఆయన వ్రతములు. గ్రెయినను మానమున, అనగా మన కంసాలి గురిగింజ యెత్తులో సుమారు సగమున, పదవవంతు తేడాను కూడ ఆ త్రాసు చూపును. మందు పోసిన డొప్పలను చెక్కపలకలో నిలిపి, దీపము వాల్చి, ఒక్కొక్కదాని మట్టమును పరికించి, అప్పుడుగాని గుండును మెడలో కూర్చడు. ఇంత శ్రమ యెందుకని అడిగితిని. 1893, 1895 నాటి పాత రైఫిళ్ళు ఇంకను వాడుకలో నుండుటచే, వానికి హాని కలుగకుండునట్లు అంగడి తూటాలను అమెరికాలో తక్కువ ఒత్తిడితో చేయుదురనియు, తన దృఢమైన రైఫిలునకు తగిన తూటాను తానే సమకూర్చుకొనవలెననియు చెప్పెను.

అంతలో ఒక యువకుడు వచ్చి, ఆ తూటా వేయి గజముల దూరము కొట్టునా అని అడిగెను. వృద్ధుని ముఖమున విసుగు స్పష్టముగా కనబడినది. "అందరూ దూరం అడిగేవాళ్ళే! దగ్గరకు నడిచి వెళ్ళడం ఎలాగని ఒక్కడూ అడగడు" అనెను. ఆ వాక్యము నా మనస్సును వదలలేదు. వేయి గజములు పోవుటకు గుండునకు సెకనుకు మించిన కాలము పట్టును. ఆలోపల జింక ఒక్క అడుగు వేసినచో, గుండెకు గురిపెట్టిన గుండు కడుపున తగులును. ఆ ప్రాణి గంటలతరబడి పొదలలో యాతనపడి చచ్చును. ఎంతటి దుర్భిణియు, ఎంతటి కొత్త తూటాయు ఆ అడుగును ఆపజాలవు.

మన దేశమున 1972 శాసనము వన్యమృగముల వేటను నిషేధించినది, అది న్యాయము. కాని ఋతువును, సంఖ్యను నిర్ణయించి వేటను చట్టమే అనుమతించు దేశములలో, ప్రాణము తీయువాడు ఆ ప్రాణమునకు జవాబుదారి కావలదా? తన చేతితో తూచి, తడిమి, అనుమానమున్నదానిని నలిపి పారవేసి తూటా సిద్ధపరచువాడు దానిని వ్యర్థముగా కాల్చుటకు సులభముగా ఒప్పడు. కార్బెట్ అంతటి వేటగాడు తదనంతరము కెమెరా పట్టి, వన్యప్రాణి రక్షణకై వాదించెను. 1936లో హిమాలయపాదమున ఏర్పడిన జాతీయవనము నేడు ఆయన పేర వెలయుచున్నది. సంయమము తెలిసిన వేటగాడే అడవికి మిత్రుడు కాగలడనుటకు ఇంతకన్న నిదర్శనమేల? అట్టి సంయమమును అంగడిలో అమ్మరు. గురువునొద్ద బల్లప్రక్క కూర్చుండి నేర్చుకొనవలెను. దూరము పెంచు పరికరములకు ధనము వెచ్చించు అమెరికా వేట సంఘములు, ఇట్టి వృద్ధులు జీవించియుండగనే, వారి షెడ్లలో ఒక్కొక్క శిష్యునినైనను కూర్చుండబెట్టవలెను.