ఆకాశమార్గమున జాగరూకత

ఆకాశమునకు గోడలు లేవు, గట్టులు లేవు, పొలిమేర రాళ్ళు లేవు. కావున అందు సంచరించువానికి అడ్డేమియు నుండదని సామాన్యజనుల తలంపు. శూన్యమని దానికి మనవారు మరియొక పేరు కూడ పెట్టిరి. కాని నేడు ఆ శూన్యమందు మన బజారులలోకన్న ఎక్కువ కట్టుబాట్లు కలవు. అవి ఎట్టివో, మన గృహములకు వానివలన తెలియవలసినదేమో విచారించుటయే ఇచట నా యుద్దేశము.

సంగారెడ్డి జిల్లాలోని మా గడ్డపోతారము ఔషధ రసాయన కర్మాగారములకు నెలవు. కొద్ది మైళ్ళ దూరముననే దుండిగల్లు వాయుసేనా విద్యాలయము కలదు. తూర్పున హకీంపేట వాయుసేనా స్థావరము, ఆగ్నేయమున బేగంపేట పాత విమానాశ్రయము, దక్షిణమున 2008లో తెరచిన శంషాబాదు విమానాశ్రయము ఉన్నవి. నేను తరగతిలో సంధిసూత్రములు చెప్పుచుండగా శిక్షణ విమానముల మ్రోత వినబడును. పిల్లల చూపులు కిటికీవైపునకు మరలును. దుండిగల్లులో పట్టములిచ్చు ఉత్సవములందు 1987లో ఏర్పడిన ఆకాశగంగ దళమువారు విమానమునుండి దూకి రంగురంగుల గొడుగులతో దిగిన సందర్భములు కలవు. అట్టి వేడుకలను గూర్చి వినుచు పెరిగిన పిల్లలలో ఒకతె, నా పూర్వవిద్యార్థిని, విమానము నడుపుట నేర్చుకొందునని పట్టుపట్టినది.

తండ్రి రసాయన కర్మాగారమున రియాక్టరువద్ద పనిచేయువాడు. ఉన్న కొద్ది భూమిని కుదువబెట్టిన గాని ఆ చదువు సాగదు. ధనముకన్న భయమే ఆయనను ఎక్కువగా బాధించినది. పెండ్లి చేసి పంపుమని బంధువులు చెప్పుచుండిరి. ఒకనాటి సాయంకాలము కూతురిని వెంటబెట్టుకొని మా యింటికి వచ్చి, "సార్, నేల మీద ఉన్న పిల్ల కండ్ల ముందట ఉంటది. ఆకాశంల దానికి ఏమన్నైతే ఎవ్వలు చూస్తరు?" అని యడిగెను. ఆ ప్రశ్న మౌఢ్యమువలన పుట్టినది కాదు, ప్రేమవలన పుట్టినది. కావున దానికి సమాధానము ఉపన్యాసముచే గాక విషయముచే చెప్పవలెనని తలచి, తాను చదివిన దంతయు తండ్రికి బోధపరుపుమని ఆమెతో నంటిని. ఆమె చెప్పినదానిని, పిమ్మట నేను పుస్తకములందు సరిచూచుకొన్నదానిని ఇచట వ్రాయుచున్నాను.

చిన్న విమానము నడుపువాని జాగ్రత్త నేలమీదనే మొదలగును. పటములందు నిషిద్ధ ప్రదేశములు, నిర్బంధ ప్రదేశములు, ప్రమాద ప్రదేశములు అని మూడు విధములుగా గీతలు గీసియుండును. ఆనాడు ఎచట సైనికాభ్యాసము జరుగునో, ఎచట గొడుగులతో దూకుదురో, ఏ రేడియో కేంద్రము పనిచేయదో తెలుపు ప్రకటనలు వెలువడుచుండును. వానిని నోటములందురు. వానిని చదువక బయలుదేరుట, వరద వార్త వినక వాగు దాటబోవుట వంటిది.

ఎత్తునకు సైతము నియమము కలదు. కంటిచూపుతో పయనించువారిలో, ఉత్తరమునుండి తూర్పు మీదుగా దక్షిణమువరకు గల సగము దిక్కులకు పోవువారు 3,500, 5,500 అడుగుల వంటి ఎత్తులను, పడమటి సగమునకు పోవువారు 4,500, 6,500 అడుగుల వంటి ఎత్తులను ఎన్నుకొనవలెను. ఎదురెదురుగా వచ్చువారికి నడుమ వేయి అడుగుల ఎడము దీనివలన ఏర్పడును. కాని ఎత్తు చూపు యంత్రము నిజమునకు వాయుపీడనమును కొలుచునది. పీడనపు అంకెను ఒక్క మిల్లీబారు తప్పుగా దిద్దినచో దాదాపు ముప్పది అడుగుల భేదము వచ్చును. కావుననే కేంద్రము చెప్పిన అంకెను చోదకుడు మరల పలికి వినిపించుట ఆచారము. తాను విన్నది సరియే యని ఎదుటివానిచేత నిశ్చయింపజేసికొనుట అందలి ప్రయోజనము.

ఇక కన్ను. గంటకు 185 కిలోమీటర్ల వేగముతో పోవు రెండు చిన్న విమానములు ఎదురుపడినచో, నడిమి దూరము సెకనుకు నూరు మీటర్లకు పైగా తరిగిపోవును. మూడు కిలోమీటర్ల దూరమున చూచినవానికి ముప్పది సెకండ్లైనను మిగులవు. చూచి, పోల్చుకొని, నిశ్చయించి, విమానమును మరల్చుటకు పన్నెండున్నర సెకండ్లు పట్టునని అమెరికా విమానశాఖవారి లెక్క. వేరొక విచిత్రము కలదు. కిటికీ అద్దముపై కదలుచు పోవు చుక్కవలన భయము తక్కువ. కదలక ఒకేచోట నిలిచి క్రమముగా పెద్దదగు చుక్కయే మనతో ఢీకొనబోవునది. కదలనిది కంటికి సులభముగా ఆనదు. కావున చోదకుడు ఆకాశమును చిన్న చిన్న భాగములుగా విభజించుకొని, ఒక్కొక్క భాగమున క్షణకాలము చూపు నిలిపి వెదకవలెను. ఎదురుపడిన ఇరువురును కుడికి తిరుగవలెను. దారులు కలియునపుడు తన కుడిప్రక్కనున్న విమానమునకు దారి యీయవలెను.

గొడుగులతో దూకు స్థలమును సమీపించునపుడు ఈ జాగ్రత్తలు ఇనుమడింపవలెను. దూకువారిని మోయు విమానము పది పన్నెండువేల అడుగుల ఎత్తునకు ఎక్కును. అచటనుండి దూకినవాడు గంటకు దాదాపు రెండువందల కిలోమీటర్ల వేగముతో, ఇంచుమించు నిమిషముసేపు రాయివలె పడును. మూడువేల అడుగుల ప్రాంతమున గొడుగు విప్పుకొనును. పడునంతసేపు అతడు కంటికి ఆనడు, రేడియోలో పలుకడు, రాడారునకు సరిగా చిక్కడు. గాలి తమను స్థలమువైపునకు కొనిపోవునట్లు, గాలి వచ్చు దిక్కునకు ముందుగా జరిగి దూకుదురు. అందుచేత మైదానముపై ఎవరును లేరని, ఆ ప్రక్కగా పోవుచున్నానని తలచువాడు సరిగా వారి క్రిందనే యుండవచ్చును. ఒక గొడుగు కనబడినచో మిగిలినవారు ఇంకను పైననున్నారని భావింపవలెను. వారిని దింపిన విమానము కూడ వారికన్న ముందే నేలకు చేరవలెనని వేగముగా దిగివచ్చుచుండును. కావున ఆ స్థలమును కొన్ని మైళ్ళ దూరమున చుట్టిపోవుటయే ఉత్తమము. దూకుచున్నామని ఆ విమానచోదకుడు ముందుగా రేడియోలో చెప్పు మాట వినవలెను, సందేహమున్నచో అడుగవలెను, దూరముననే వేచియుండవలెను.

ఈ నియమములు ఊహవలన పుట్టినవి కావు. 1993లో అమెరికాలోని నార్తాంప్టనులో దూకుచున్న ఒకడు చిన్న విమానపు తోకకు తగిలెను. అతడు బ్రతికెను, విమానమందలి నలుగురును మరణించిరి. మనదేశమున 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీదాద్రిపై రెండు పెద్ద విమానములు ఢీకొని 349 మంది మరణించిరి. నిర్ణీతమైన ఎత్తునకు ఒక విమానము దిగువకు పోవుటయే అందులకు కారణమని విచారణలో తేలినది.

ఆమె చెప్పుట ముగించి తండ్రితో నిట్లనెను: "ఆకాశంల ఎవ్వలు చూస్తరని అడిగినవు గద నాయినా. అందరు అందర్నీ చూసుడే అక్కడి పని."

ఆయన మాటాడలేదు. అపుడు నేను, "నీవు రోజును మరుగుచున్న ద్రావకముల ప్రక్కన నిలుచుచున్నావు. క్షేమముగా ఇంటికి ఎట్లు వచ్చుచున్నావు?" అని యడిగితిని. మీటరు చూచి లెక్క వ్రాయుదుమని, అనుమతి కాగితము లేక మూత తెరువమని, వాసన మారినచో పని నిలిపివేయుదుమని ఆయనయే చెప్పెను. మా ప్రాంతమువారికి ఇది పుస్తకపు మాట కాదు. 2025 జూన్ 30న పాశమైలారములోని ఔషధ కర్మాగారమున జరిగిన ప్రేలుడులో నలుబదిమందికి పైగా కార్మికులు మరణించిరి. నేలమీద నున్నంతమాత్రమున క్షేమము లేదని, కంటిముందు ఉన్నంతమాత్రమున రక్షణ కాదని ఆయనకు నేను చెప్పవలసిన పని లేకపోయెను. చాలసేపటికి ఆయన కూతురివైపు చూచి, "లెక్క దప్పకుండ రాస్తవా?" అని మాత్రమే అడిగెను. ఆమె రాయుదునని చెప్పినది. మరుసటి వారమే భూమి కాగితములు బ్యాంకునకు చేరెను.

వాణిజ్య చోదకపత్రమునకు వలసిన 200 గంటలలో సగము ఇపుడామెకు పూర్తియైనది. కొన్ని నెలల క్రిందట ఒంటరిగా దూరప్రయాణము చేయుచుండగా, ముందున్న ప్రదేశమున సైనికులు గొడుగులతో దూకుచున్నారని రేడియోలో వినబడెనట. ఇరువది నిమిషములు దూరముననే చుట్లు తిరిగి, ఇంధనపు లెక్క చూచుకొని, గమ్యము చేరకయే వెనుకకు మరలివచ్చెను. ఆ గంటల ఖర్చు వృథా యయ్యెనని తండ్రికి ఫోనులో చెప్పి బాధపడగా ఆయన, "పైసలు పోతే పోనీ బిడ్డా, మల్ల ఎగురొచ్చు" అనెనట. ఈ మాట ఆయనయే నాకు చెప్పుచు నవ్వెను.

2016 జూన్ 18న మా పొరుగున దుండిగల్లులోనే ముగ్గురు యువతులు మనదేశపు తొలి మహిళా యుద్ధవిమాన చోదకులుగా పట్టములు పుచ్చుకొనిరి. అయినను ఆడుపిల్ల దూరము పోయెదనన్నపుడు మన యిండ్లలో మొదట వినబడు మాట ప్రమాదమనియే. ప్రమాదము నిజమే, దానిని కాదనువాడు మంచి చోదకుడు కాజాలడు. కాని నిషేధము వేరు, జాగరూకత వేరు. నిషేధించుటకు తలుపు గొళ్ళెము చాలును. జాగరూకతకు చదువు కావలెను, వినుట కావలెను, అవసరమైనపుడు వెనుదిరుగు ధైర్యము కావలెను. మన బిడ్డలకు గొళ్ళెము వేయుటకు వెచ్చించు శ్రద్ధలో సగమైనను ఈ మూడింటిని నేర్పుటకు వెచ్చింతుమా అని ప్రతి గృహస్థుడును తన్ను తాను ప్రశ్నించుకొనవలసియున్నది.