ముందు బేరమాడనివ్వండి

డిగ్రీ మొదటి ఏడాది ఎకనామిక్స్ క్లాసు ఎలా మొదలవుతుందో చదివినవాళ్లకు గుర్తే ఉంటుంది. నాలుగు నిర్వచనాలు, ఆపైన బోర్డు మీద డిమాండ్ రేఖ, సప్లయి రేఖ, రెండూ కలిసే చోట ఒక చుక్క. ధర అక్కడే ఎందుకు నిలవాలని పిల్లలు అడగరు, మనమూ చెప్పం. వేరే సీటు రాక బీఏలో చేరిన పిల్లాడికి ఆ నెలలోనే మనసు విరిగిపోతుంది. నా మాట వింటే ఆ గీతలు రెండో వారం గీయండి. మొదటి వారమంతా బేరాలాడించండి.

దీనికో కథ ఉంది, వినండి. హార్వర్డ్‌లో ఎడ్వర్డ్ చాంబర్లిన్ గారు క్లాసులో చీటీలు పంచేవారు. కొందరు అమ్మేవాళ్లు, కొందరు కొనేవాళ్లు. ఇంతకు తగ్గకూడదని అమ్మేవాళ్ల చీటీలో, ఇంతకు మించకూడదని కొనేవాళ్ల చీటీలో ఉంటుంది. గదిలో తిరుగుతూ ఇద్దరిద్దరు బేరం కుదుర్చుకోవాలి. పుస్తకంలో ఉన్న ధర మాత్రం రాలేదు. ఆ సంగతే 1948లో ఆయన వ్యాసంగా వేశారు.

ఆ ఆట ఆడిన విద్యార్థుల్లో వెర్నన్ స్మిత్ ఒకరు. ఇంజనీరింగ్ చదివి ఇటు వచ్చిన మనిషి. 1956లో పర్డ్యూ యూనివర్సిటీలో తానే పాఠం చెబుతూ ఆ ఆటను కాస్త మార్చారు. ధర అందరికీ వినబడేలా పైకి చెప్పాలి, ఆట మళ్లీ మళ్లీ సాగాలి. ధరలు వచ్చి ఆ చుక్క దగ్గరే నిలిచాయి! ఆయనకే నమ్మకం కుదరక, చీటీల్లో అంకెలు మార్చి మళ్లీ ఆడించారు. ఆ దారినే వెళ్లిన మనిషికి 2002లో నోబెల్ వచ్చింది.

చాటుగా ఆడే బేరానికీ, అందరూ వినేలా ఆడే బేరానికీ ఉన్న ఈ తేడా మన పిల్లలకు చెప్పనక్కర్లేదు. పశువుల సంతలో తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని కుదిరే బేరం పక్కవాడికి తెలియదు. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో చేపల వేలంపాట అందరికీ వినబడుతుంది. ఏది ఎప్పుడు ఎవరికి లాభమో వాళ్లనే వాదించుకోనివ్వండి, గంట కొట్టినా లేవరు.

కంప్యూటర్లు అక్కర్లేదు, 20 మంది పిల్లలు, కాసిని చీటీలు చాలు. కుదిరిన ప్రతి ధరా బోర్డు మీద రాయండి. ఆట అయ్యాక చీటీలన్నీ పోగేసి, ఆ అంకెలతోనే రెండు గీతలూ గీయండి. తాము ఆడిన బేరమే బొమ్మగా కనబడేసరికి వాళ్ల కళ్లు చూడాలి మీరు!

తర్వాతి ఆటలో మద్దతు ధర పెట్టండి, ఆ చుక్కకు కొంచెం పైన. అమ్ముడుపోని సరుకుతో కొందరు మిగిలిపోతారు. ఆ మిగిలినది ఎవరు కొనాలి, ఏ డబ్బుతో కొనాలి అని మీరు అడిగేలోపే వాళ్లు అడుగుతారు. సిలబస్‌లో ఆ పాఠం రెండో ఏడాదిలో ఉన్నా సరే, అప్పుడే చెప్పేయండి.