మన గట్టు తెగలేదు కాబట్టి



2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగిపోయాయి. మరునాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. బ్యారేజీ కట్టాక అంత నీరు ఎప్పుడూ రాలేదు. కొట్టుకొచ్చిన పడవలు గేట్ల దగ్గరి దిమ్మెలను గుద్దాయి.

మా ఊళ్ళో నీళ్ళు కాలువ గట్టు అంచుదాకా వచ్చి ఆగాయి. బుధవారం ప్రార్థన కూడికలో మేము లేచి సాక్ష్యం చెప్పాము: మనం ఉపవాసముండి మొరపెట్టాం గనుక ప్రభువు మన ఊరిని కాపాడాడు అని. సంఘమంతా హల్లెలూయ అంది. అంతటితో ఆగలేదు. "బుడమేరు దారిలో ఇళ్ళు కట్టుకుంటే నీళ్ళు రాక ఏమవుతాయి?" అని కూడా అన్నాము. కొందరు నవ్వారు. మేమూ నవ్వాము.

మరుసటి రోజు స్త్రీల సమాజం వారు కట్టిన పులిహోర పొట్లాలు, మంచినీళ్ళ సీసాలు ట్రాక్టర్ మీద వేసుకుని సింగ్ నగర్ వైపు వెళ్ళాము. ఒక మేడ మీదనుంచి పెద్దావిడ తాడు కట్టిన బకెట్ దించింది. పొట్లాలు అందులో పెట్టి, అలవాటు కొద్దీ, "ప్రార్థన చేసుకోండమ్మా, దేవుడు కాపాడతాడు" అన్నాము.

"చేస్తూనే ఉన్నామయ్యగారూ. ఆదివారం కూడా మోకాళ్ళ మీదే ఉన్నాం. నీళ్ళు మోకాళ్ళకు తగిలాక లేచాం."

ఆమె మాటలో కోపం లేదు. మా దగ్గర జవాబు లేదు.

సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయిన సంగతి లూకా సువార్త 13వ అధ్యాయంలో ఉంది. వాళ్ళు మిగతా వారికంటే ఎక్కువ పాపులు కారని ప్రభువు స్పష్టంగా చెప్పి, వింటున్న వారినే మారుమనస్సు పొందమన్నాడు. ఎన్నోసార్లు ప్రసంగించిన ఆ భాగం ఆ రోజు మాకోసమే చదివినట్టయింది. మేము కృతజ్ఞత అనుకున్నది అతిశయం. మన ప్రార్థన దేవుని చేయి తిప్పిందని చెప్పుకుంటే, వాళ్ళ ప్రార్థన తక్కువదని తీర్పు తీర్చినట్టే కదా!

మన డెల్టాకు అన్నం పెడుతున్నది మనుషుల జ్ఞానమే. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. 1952లో అది తెగింది. 1957 నాటికి 70 గేట్లతో బ్యారేజీ వచ్చింది. గేట్లెందుకు? నదినంతా ఆపలేమని కట్టినవారికి తెలుసు గనుక. ఇంజనీరుకున్న ఆ తగ్గింపు బోధకులమైన మాకు లేకపోయింది. దేవుని ఆలోచనకంతా మా దగ్గర లెక్క ఉందనుకున్నాము.

సిలువను లోకం వెర్రితనమంది. కాని దేవుని జ్ఞానం అక్కడే ఉంది. ఆయన గట్టు మీద నిలబడి లెక్కలు చెప్పలేదు, మునిగేవారి దగ్గరికి దిగివచ్చాడు.

తరువాతి ఆదివారం సంఘం ముందు మా సాక్ష్యాన్ని వెనక్కి తీసుకుని క్షమాపణ అడిగాము. మందిరం ప్రహరీకి పోగుచేసిన డబ్బు దుప్పట్లకూ వంట గిన్నెలకూ వెళ్ళింది. ప్రహరీ ఇంకా సగమే ఉంది. దాన్ని చూసినప్పుడల్లా ఆ బకెట్ గుర్తొస్తుంది.

ప్రియులారా, ఈ వారం మీరు చెప్పబోయే సాక్ష్యాన్ని, నష్టపోయిన వారి ఎదుట కూడా చెప్పగలరా? ఒకసారి ఆలోచించండి. ప్రభువు మనకు దీనమనస్సు దయచేయును గాక. ఆమేన్.